షాలోమి రాయని రిపోర్టు

విజయవాడ ఆటోనగర్‌లో లారీలు విప్పే షెడ్ల వెనక ఒక టెస్టింగ్ ల్యాబ్ ఉంది. మిల్లుల్లో, ఫ్యాక్టరీల్లో కాలం తీరకముందే విరిగిన సామాన్లు అక్కడికి వస్తాయి. పళ్ళు రాలిన గేర్లు, పగిలిన బేరింగులు, మెడ దగ్గర తెగిన బోల్టులు. అవి ఎందుకు విరిగాయో చూసి చెప్పడం షాలోమి ఉద్యోగం. రోజూ పొద్దున్నే నూజివీడులో బస్సెక్కి వెళ్ళి, దీపాలు పెట్టే వేళకు తిరిగొచ్చేది. మెకానిక్కులు ఆమెను పోస్టుమార్టం మేడమ్ అనేవాళ్ళు. వినీ విననట్టు ఊరుకునేది గానీ, ఆ పేరు ఆమెకు నచ్చింది.

ఆ చదువు ఆమె కోరి తెచ్చుకున్నది కాదు. పాలిటెక్నిక్ కౌన్సెలింగ్‌లో ఆమె వంతు వచ్చేసరికి ఎలక్ట్రానిక్స్ సీట్లు అయిపోయి మెటలర్జీ మిగిలింది. రెడ్డిగూడెం తోటల్లో కూలికి వెళ్ళే వాళ్ళ నాన్న, “ఇనుము గురించి చదవడానికి ఏముంటదే?” అన్నాడు. మొదటి ఏడాది ఆమెకూ అలాగే అనిపించింది. రెండో ఏడాది ఒక లెక్చరర్ విరిగిన ఇరుసు ముక్క చేతికిచ్చి, ఇది ఒక్కసారిగా విరిగిందా, నెమ్మదిగా విరిగిందా చెప్పమన్నాడు. విరిగిన ముఖం మీద సన్నటి చారలున్నాయి, ఎండాకాలం చెరువులో నీళ్ళు తగ్గుతూ గట్టున వదిలిపోయిన గీతల్లాగా. ఒక్కో గీత దగ్గర పగులు కాసేపు ఆగి మళ్ళీ కదిలిందని లెక్చరర్ చెప్పాడు. ఎవరికీ కనిపించకుండా, లోపల్లోపలే. షాలోమి ఆ ముక్కను హాస్టల్‌కి తీసుకుపోయింది. అప్పటినుంచి విరిగిన వస్తువు ఏది కనబడినా తిప్పి చూడకుండా వదిలేది కాదు.

శౌరి ఆమెకు ఒక కోల్డ్ స్టోరేజీలో పరిచయమయ్యాడు. అతనిది హనుమాన్ జంక్షన్ రోడ్డులో వెల్డింగ్ షాపు. అక్కడ పంపు షాఫ్టు విరిగితే అతికించడానికి అతన్ని పిలిచారు, కారణం చూడడానికి ఆమెను పంపారు. “నేను చూసేదాకా దాన్ని ముట్టుకోకండి” అందామె. అతను ఆ మధ్యాహ్నమంతా వెల్డింగ్ సెట్టు పక్కన కూర్చుని ఎదురుచూశాడు, విసుక్కోకుండా. ఆమెది లూథరన్ ఇల్లు, అతనిది ఆర్.సి.ఎం. క్యాథలిక్ ఇల్లు. రెండిళ్ళలోనూ కొన్నాళ్ళు గొణుక్కుని చివరికి సరేనన్నారు.

పెళ్ళయ్యాక వాళ్ళ మధ్య తగాదా వస్తే అది పని గురించే. “మీరు నిలబెట్టి వస్తారు, ఎన్నాళ్ళు నిలుస్తుందో చూడరు” అనేది ఆమె.

“ఆ పూట నిలబెట్టకపోతే ఫ్యాక్టరీ ఆగిపోద్ది. నీ రిపోర్టు వచ్చేలోపు కాయ కుళ్ళిపోద్ది” అనేవాడు అతను.

ఇద్దరి మాటా నిజమే గనక అది ఎప్పుడూ తెగేది కాదు. అన్నం తినేసి పడుకునేవాళ్ళు.

ముసునూరు వెళ్ళే దారిలో నారాయణరావు గారి మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఉంది. ఆయన కుటుంబానిది నూజివీడులో తరాల నాటి కాయల వ్యాపారం. ఫ్యాక్టరీ ఎండాకాలం మూడు నెలలే నడుస్తుంది. మిగతా ఏడాదంతా యంత్రాలకు గోనెపట్టాలు కప్పి గేటుకు తాళం వేస్తారు. గుజ్జుకు వాడే కలెక్టరు రకం మామిడికాయ దిగే రోజుల్లో మాత్రం లారీలు గేటు బయటిదాకా బారులు తీరతాయి. చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళు వచ్చి కాయ కడుగుతారు, మచ్చ పడ్డవి ఏరేస్తారు. ముసునూరు గోవిందమ్మ అలా చాలా సీజన్ల నుంచి వస్తోంది. ఆమె చేతికి కాయ తగిలితే చాలు, లోపల పురుగుందో లేదో చెప్పేస్తుందని తోటివాళ్ళు అనేవాళ్ళు.

ఆ ఏడు జూన్‌లో ఒక మధ్యాహ్నం టెంక తీసే యంత్రంలో తిరిగే షాఫ్టు విరిగింది. దాని చివరనున్న బరువైన పుల్లీ ఊడి, బెల్టుతో సహా ఎగిరి, అడ్డుగా ఉన్న ఇనుప గార్డును చీల్చుకుని బయటికొచ్చింది. కాయలు ఏరే బల్ల దగ్గర గోవిందమ్మ నిలబడి ఉంది. ఆమె కుడిచేయి నుజ్జయింది. ఆసుపత్రిలో మణికట్టు పైదాకా తీసేశారు.

ఆ వార్త ఆ సాయంత్రానికే నూజివీడంతా పాకింది. శౌరి ఆ రోజు తొందరగా షాపు కట్టేసి వచ్చాడు. అన్నం ముందు కూర్చుని కెలికి లేచిపోయాడు. ఎండ దెబ్బేమో అనుకుని షాలోమి మజ్జిగ కలిపి ఇచ్చింది.

తర్వాతి వారం ఫ్యాక్టరీకి బీమా ఇచ్చిన ఇన్సూరెన్స్ కంపెనీ ఆ కేసు ల్యాబ్‌కి పంపింది. ల్యాబ్ యజమాని బసవపున్నారావు, “నూజివీడు మీ ఊరే కదమ్మా, మీరే చూసి రండి” అని షాలోమికి అప్పగించాడు.

ఫ్యాక్టరీలో మేనేజర్ శ్రీధర్ ఆమెను వెంటబెట్టుకుని లోపలికి తీసుకెళ్ళాడు. యంత్రానికి అప్పటికే వేరే షాఫ్టు వేసి నడుపుతున్నారు.

“విరిగింది కూడా కొత్త షాఫ్టే మేడమ్. సీజన్ ముందే వేశాం” అన్నాడు. “ఆవిడే గార్డు ఊడదీసి, ఇరుక్కున్న టెంకని ఊచ పెట్టి లాగింది. మెషిన్ పట్టేసి ఒక్కసారిగా విరిగింది. ఎన్నిసార్లు చెప్పినా వినరు వీళ్ళు.”

“ఆ గార్డు ఎక్కడుందండీ?”

గోడకు ఆనించి ఉంది. షాలోమి దాని ముందు గొంతుక్కూర్చుంది. బోల్టులన్నీ బిగించినవి బిగించినట్టే ఉన్నాయి. రేకు మాత్రం వాటి చుట్టూ చిరిగిపోయింది. మధ్యలో పడిన సొట్ట లోపలినుంచి బయటికి తన్నుకొచ్చింది.

“ఊడదీసిన గార్డుకి లోపలినుంచి దెబ్బెలా తగిలిందండీ?” అని అడిగింది.

శ్రీధర్ ఫోన్ చూసుకుంటూ, “అవన్నీ నాకు తెలీదు మేడమ్. మీరు షాఫ్టు చూడటానికి వచ్చారు కదా, చూడండి” అన్నాడు.

ఆమె ల్యాబ్ కెమెరాతో గార్డు ఫోటోలు తీసుకుంది. కాయలు ఏరుతున్న ఆడవాళ్ళను ఒకరిద్దరిని పలకరించింది. వాళ్ళు తలెత్తలేదు. వచ్చే సీజన్‌కి కూడా వాళ్ళు అదే గేటు ముందు నిలబడాలి.

విరిగిన ముక్కలు ల్యాబ్‌కి వచ్చాయి. కడిగి చూడగానే సంగతి సగం తెలిసింది. విరిగిన ముఖమంతా ఆ సన్నటి చారలే. చివరికి మిగిలిన కాస్త చోటు మాత్రం గరుగ్గా ఉంది. అంటే పగులు ఎప్పుడో మొదలై, రోజుల తరబడి పాకి, ఇక మోయలేని స్థితికి వచ్చాక తెగింది. టెంక ఇరుక్కుని ఒక్క దెబ్బకు విరిగింది కాదు. మరి ఎందుకు మొదలైంది? ఆమె ముక్కను అడ్డంగా కోయించి, అద్దంలా నునుపు చేసి, ఆమ్లం పూసింది. నిమిషంలో షాఫ్టు అంచు చుట్టూ వేరే రంగులో ఒక పొర తేలింది. అరిగిపోయిన చోట ఎవరో వెల్డింగ్ పోసి, లేతు యంత్రం మీద తిప్పి చెక్కి, కొత్తదానిలా చేశారు. ముందుగా షాఫ్టును వేడి చెయ్యకుండా పోసిన వెల్డింగ్. దాని కింది ఉక్కు గాజులా పెళుసెక్కి ఉంది. పగులు అక్కడినుంచే బయల్దేరింది. అది కొత్త షాఫ్టు కాదు.

పని బాగా కుదిరిందని ఆమెకు ఒక క్షణం సంతోషమేసింది. ఆ తర్వాత బస్సులో కూర్చున్నాక, నూజివీడు చుట్టుపక్కల ఇంత పెద్ద షాఫ్టుకి వెల్డింగ్ పోసేవాళ్ళు ఎవరున్నారా అని ఆలోచించింది. బస్సు ఆగిరిపల్లి దాటేసరికి, శౌరి అన్నం కెలికి లేచిపోయిన సాయంత్రం ఆమెకు గుర్తొచ్చింది.

ఇంటికెళ్ళేసరికి శౌరి వాకిట్లో కూర్చుని గ్యాస్ స్టవ్ బర్నర్ శుభ్రం చేస్తున్నాడు. ఆమె చెప్పులు విడవకుండానే అడిగింది.

“ఏవండీ, ముసునూరు రోడ్డు ఫ్యాక్టరీ షాఫ్టుకి వెల్డింగ్ పోసింది మీరేనా?”

అతను బర్నర్ కింద పెట్టాడు. “నేనే” అన్నాడు.

“ఎప్పుడు?”

“సీజన్ మొదట్లో. బేరింగు కూర్చునే చోట అరిగిపోయింది. కొత్తది కోయంబత్తూరు నుంచి వస్తంది, నాలుగు రోజులు నడిస్తే చాలన్నాడు శ్రీధర్. నాలుగు రోజులకే అని గట్టిగా చెప్పాను. ఆ తర్వాత తీసేయాలని కూడా చెప్పాను.”

“ముందు వేడి చేశారా?”

“బయట లారీలు నిలబడ్డాయి. కాయ మెత్తబడిపోతందని ఒకటే గోల. అంత టైమ్ ఇవ్వలేదు.”

“మళ్ళీ వెళ్ళి తీశారో లేదో చూశారా?”

అతను బర్నర్ మళ్ళీ తీసుకుని తుడవసాగాడు. కొత్త షాఫ్టు ఆ నాలుగు రోజుల్లోనే వచ్చి స్టోర్ రూములో పడి ఉందనీ, మార్చాలంటే ఒక పూట యంత్రం ఆపాలి గనక మార్చలేదనీ అతనికి ప్రమాదం జరిగాకే తెలిసింది. తెలిసిన దగ్గర్నుంచి ఆమెతో చెప్పాలనుకుంటూ చెప్పలేకపోయాడు.

“నువ్వు ఉన్నది ఉన్నట్టు రాసెయ్” అన్నాడు చివరికి. “పోసినోడు ఎవడో నీకు తెలీదనుకో.”

“తెలిసింది కదా” అందామె.

మర్నాడు ఆమె బసవపున్నారావు గదిలోకి వెళ్ళి, ఆ వెల్డింగ్ తన భర్త పోసిందనీ, ఆ కేసు తను చూడకూడదనీ చెప్పింది. ఆయన కళ్ళజోడు తీసి ఆమెకేసి చూశాడు.

“మీరు చెప్పకపోతే ఎవరికీ తెలీదు కదమ్మా.”

“రేపు తెలిస్తే, మొగుణ్ణి కాపాడుకోవడానికి రాసిందంటారు సార్. అప్పుడు రిపోర్టు మొత్తం పోద్ది. వేరే వాళ్ళు చూసినా కనిపించేది ఇదే. షాఫ్టే చెప్తుంది.”

ఆమె నిజంగానే అలా నమ్మింది. ఇనుము అబద్ధం చెప్పదనీ, చూడగలిగినవాడు ఎవడైనా అదే చూస్తాడనీ. ముక్కలు, నునుపు చేసిన నమూనా, ఫోటోలు అన్నీ సంచిలో పెట్టి ఇన్సూరెన్స్ వాళ్ళకు తిప్పి పంపించారు.

కంపెనీ వేరే ఊరినుంచి ఇంకొకాయన్ని పంపింది. ఆయన వచ్చేసరికి గార్డు పాత ఇనుములోకి వెళ్ళిపోయింది, యంత్రానికి కొత్త గార్డు బిగించి రంగు వేశారు. ఆయన శ్రీధర్ చెప్పింది విని, ముక్కలు చూసి, టెంక ఇరుక్కుని ఒక్కసారిగా బరువు పడటం వల్ల షాఫ్టు విరిగిందనీ, కార్మికురాలు గార్డు తొలగించడమే ప్రమాదానికి కారణమనీ రాశాడు. ఆ చారలు ఆయనకు కనిపించలేదో, కనిపించినా అవసరం లేదనుకున్నాడో షాలోమికి ఎప్పటికీ తెలియలేదు.

సీజన్ ఫ్యాక్టరీ గనక గోవిందమ్మకు ఈఎస్ఐ లేదు. నష్టపరిహారం కోసం కార్మిక శాఖ అధికారి దగ్గర కేసు వేసుకోవాలి. గార్డు కావాలని తీసినట్టు తేలితే అది కూడా రాదు. గోవిందమ్మ కూతురు వరలక్ష్మి ఒక ఆదివారం షాలోమి చర్చి నుంచి వచ్చే వేళకు ఆమె ఇంటి ముందు నిలబడి ఉంది.

“మా అమ్మ గార్డు ముట్టుకోలేదు మేడమ్. మీరు చూశారంట కదా. వచ్చి చెప్తారా?”

షాలోమి వస్తానంది. లోపలినుంచి శౌరి వచ్చి, “నేనూ వస్తాను” అన్నాడు. ఆమె అతనికేసి చూసింది. ఆ మాట అన్నాక నూజివీడులో ఏ ఫ్యాక్టరీ గేటూ తనకు తెరుచుకోదని అతనికి తెలుసు.

విచారణ రోజు శౌరి ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళి, వెల్డింగ్ తనే పోశాననీ, ముందు వేడి చెయ్యకపోవడం తన తప్పేననీ, నాలుగు రోజులకే అని చెప్పాననీ అధికారి ముందు చెప్పాడు. శ్రీధర్ లేచి, “ఈయన్ని మా ఫ్యాక్టరీలో నేనెప్పుడూ చూడలేదండీ” అన్నాడు. గేటు రిజిస్టర్లో అతని పేరు లేదు. సీజన్ హడావిడిలో పిలిపించుకున్న వెల్డర్ల పేర్లు గేటు దగ్గర ఎవరూ రాయరు.

తర్వాత షాలోమి లేచింది. గార్డు సొట్ట గురించి, చారల గురించి, వెల్డింగ్ పొర గురించి చెప్పింది. అధికారి శ్రద్ధగానే విన్నాడు. ఫ్యాక్టరీ తరఫు ప్లీడరు ఆమెను ఎక్కువేమీ అడగలేదు.

“ఇందాక మాట్లాడిన శౌరి గారు మీ భర్తా?”

“అవునండీ.”

“ఈ కేసులో మీరు నిష్పక్షపాతంగా ఉండలేనని మీరే తప్పుకున్నారా?”

“ఉండలేనని కాదండీ. ఉండకూడదని.”

“తప్పుకున్నారు కదా?”

“తప్పుకున్నాను.”

“అప్పుడు పనికిరాదనుకున్న మీ అభిప్రాయం ఇప్పుడెలా పనికొస్తుందమ్మా?” అని ఆయన కూర్చున్నాడు.

చూపించడానికి ఆమె చేతిలో ఏమీ లేదు. ల్యాబ్ కంప్యూటర్లో మిగిలిన ఫోటోలు ఇమ్మని బసవపున్నారావుని ముందే అడిగింది. “అవి కంపెనీవమ్మా, మనవి కావు. బయటికిస్తే రేపు ల్యాబ్ గుర్తింపు పోతుంది” అన్నాడాయన. అదే మాట ఇంకొకరి కేసులో ఇంకెవరైనా అడిగితే ఆమె కూడా చెప్పేదే. ముక్కలు తెప్పించమని గోవిందమ్మ ప్లీడరు అడిగితే, తమ పరిశీలన ముగిశాక ఫ్యాక్టరీకి తిరిగిచ్చేశామని ఇన్సూరెన్స్ వాళ్ళు చెప్పారు. ఫ్యాక్టరీ వాళ్ళు పాత ఇనుముకు వేసేశామన్నారు.

“అమ్మా, నా ముందు రాసిన రిపోర్టు ఒకటే ఉంది. మీది మాట” అన్నాడు అధికారి. ఆయన మొహంలో కాస్త జాలి కూడా ఉంది. కేసు కొట్టేశారు.

ఆ తర్వాత షాలోమి ముసునూరు వెళ్ళింది. గోవిందమ్మ అరుగు మీద కూర్చుని ఎడమచేత్తో చింతపండు గింజలు తీస్తోంది. గింజ పట్టు దొరక్క జారిపోతోంది. మోకాలితో అదిమి పెట్టి తీస్తోంది. షాలోమిని చూసి పీట జరిపింది. హైకోర్టుకి వెళ్ళొచ్చనీ, తెలిసిన ప్లీడరుతో మాట్లాడతాననీ షాలోమి చెప్పుకుపోయింది. గోవిందమ్మ అంతా విని, నెమ్మదిగా అడిగింది.

“మీ ఆయన సంగతి బయటపెట్టకుండా మీరు రాసేసుంటే ఆ రిపోర్టు నిలబడేదంట కదమ్మా? మా ప్లీడరు అన్నాడు.”

“నిలబడేదేమోనండీ. కానీ అది తప్పవుద్ది.”

“ఎవరికి తప్పమ్మా?”

గోవిందమ్మ గొంతులో కోపం లేదు. ఊరికే తెలుసుకుందామన్నట్టు అడిగి, మళ్ళీ చింతపండు మీదికి వంగింది. షాలోమి కిందికి జారిన గింజలు ఏరి పెట్టి లేచి వచ్చేసింది. ఇంటికొచ్చి ఆ మాట శౌరికి చెప్పలేదు.

శౌరిని ఫ్యాక్టరీలు పిలవడం మానేశాయి. కేసు పెట్టలేదు, బెదిరించలేదు, ఫోన్ చెయ్యలేదంతే. ఇప్పుడతను కిటికీ గ్రిల్స్, ఇంటి గేట్లు చేస్తున్నాడు. యంత్రంలో తిరిగే సామాను ఎవరైనా తెస్తే, ట్రాక్టర్‌దైనా సరే, చెయ్యనంటాడు. షాలోమికీ అలాగే అయింది. ఈమె వస్తే మా పని వేరే ల్యాబ్‌కి ఇచ్చుకుంటామని ఒకరిద్దరు బసవపున్నారావుతో అన్నారట. ఆయన ఆమెను ఉద్యోగం మానమనలేదు. అపార్ట్‌మెంట్లు కట్టేవాళ్ళు పంపే ఇనుప కడ్డీలు పరీక్ష చేసే పని ఇచ్చాడు. కొత్త కడ్డీని యంత్రానికి బిగించి, తెగేదాకా లాగి, ఎంత బరువుకి తెగిందో రాయాలి. ఎందుకు తెగిందని ఎవరూ అడగరు, లాగింది ఆమే గనక.

హైకోర్టు కేసు వేశారు. అది ఇంకా పిలుపుకే రాలేదు.

మొన్న ఎండాకాలం మొదట్లో ఒక ఉదయం నారాయణరావు గారి ఆటో వాళ్ళ గేటు ముందాగింది. ఏటా సీజన్ మొదలవగానే తన పనులు చేసేవాళ్ళందరికీ ఆయన ఒక బుట్ట చిన్న రసాల మామిడిపళ్ళు పంపుతాడు. పాత లిస్టులో వీళ్ళ పేరు తీసెయ్యడం మర్చిపోయారో, కావాలనే పంపారో డ్రైవర్‌కి తెలీదు. బుట్ట గేటు లోపల పెట్టి వెళ్ళిపోయాడు. షాలోమి దాన్ని దాటుకుని బస్సుకి వెళ్ళింది. సాయంత్రం వచ్చేసరికి కూడా అది అక్కడే ఉంది. తిప్పి పంపుదామా అని శౌరి అడిగితే, మీ ఇష్టమంది. అతనికీ ఏం చెయ్యాలో తోచలేదు. ముగ్గిన కాయ, ఆ ఎండకు ఎన్నాళ్ళో ఆగలేదు. అడుగున రసం కారి ఈగలు ముసిరాయి. పక్కింటావిడ వాసన వస్తోందని చెప్పాక శౌరి బుట్ట ఎత్తుకెళ్ళి మున్సిపాలిటీ చెత్తబండిలో పడేసి, గేటు దగ్గర నీళ్ళు కొట్టి కడిగాడు.